జంపర్ సినిమాని విమర్శకులు అంతలా ఎందుకు ఉతికారు? ఐడియా సూపర్ కదా, తేడా ఎక్కడ కొట్టింది?

లీలామహల్_సర్కిల్ అడిగారు:

అన్నలూ అక్కలూ, ఒక డౌట్. 2008లో జంపర్ అని ఒక హాలీవుడ్ సినిమా వచ్చింది కదా, హేడెన్ క్రిస్టెన్సెన్ హీరో, తెల్ల జుట్టుతో సామ్యూల్ ఎల్ జాక్సన్ విలన్, డైరెక్టర్ డగ్ లైమన్. ఉన్నచోట మాయమై ఎక్కడ కావాలంటే అక్కడ తేలే కుర్రోడి కథ. మొన్న రూంలో వేసుకుని చూశాం. మనది తిరుపతి, ఉద్యోగం బెంగళూరు, శుక్రవారం రాత్రి బస్సులో పలమనేరు దాటేదాకా నిద్రపట్టని బ్యాచ్ కాబట్టి ఇలాంటి పవర్ ఉన్నోడి కథ అంటే సినిమా మొదలు కాకముందే సగం మార్కులు వేసేసి కూర్చున్నా.

స్టార్టింగ్ అదిరింది. గడ్డకట్టిన నదిలో మంచు పగిలి కింద పడిపోయి నీళ్లతో సహా లైబ్రరీలో తేలతాడు, తర్వాత బ్యాంకు లోపలికి తాళం తియ్యకుండా పోయి డబ్బు సర్దుకుంటాడు, పెద్దయ్యాక ఈజిప్టులో స్ఫింక్స్ తల మీద కూర్చుని టిఫిన్ చేస్తాడు. ఇదంతా చూస్తుంటే ఆహా అనిపించింది. తర్వాత ఏమైందో తెలీదు, సగం అయ్యేసరికి మా రూమ్మేట్ ఫోన్ చూసుకుంటున్నాడు, నాకూ ఆపమని చెప్పబుద్ధి కాలేదు. క్లైమాక్స్ అయిపోయింది అంటే అయిపోయిందా అనిపించింది.

అప్పుడు రివ్యూలు తీసి చూశా. విమర్శకుల రివ్యూలన్నీ కలిపి మార్కులు వేసే సైట్లు ఉంటాయి కదా, రాటెన్ టమాటోస్ లో 15 శాతం దగ్గర ఉంది, మెటాక్రిటిక్ లో వందకి 35. బాగాలేదు అంటే ఓకే, కానీ మరీ 15 ఏంటి సామీ? బడ్జెట్ చూస్తే 8.5 కోట్ల డాలర్లు, ఈ డైరెక్టరే బోర్న్ ఐడెంటిటీ తీశాడు. అంత డబ్బు, అంత ఐడియా, ఎక్కడ పోయింది? హీరోనా, గ్రాఫిక్సా, కథా? "టైం వేస్ట్ బ్రో" అని ఒక్క ముక్కలో వద్దు, కొంచెం విడమరిచి చెప్పండి ప్లీజ్.

---

కాణిపాకం_మామ:

ఒక్క ముక్కలో వద్దన్నావు గాబట్టి పొడుగ్గానే రాస్తాండా అల్లుడూ, చదువుకో.

గ్రాఫిక్స్ మీద పెట్టబాకండి. ఈ సినిమాకి ఉండే జబ్బు ఏందంటే హీరోకి ఏమీ కావాల్సింది లేదు. డబ్బు కావాలంటే బ్యాంకు ఉండాది, ఊరు తిరగాలంటే క్షణం పట్టదు, పోలీసులొస్తే మాయం. సోఫాలో ఈ పక్క నుంచి ఆ పక్కకి జరిగేదానికి కూడా జంప్ చేస్తాడు, చూసినారు గదా, రిమోట్ అందుకునేదానికి. నవ్వొస్తాది ఆ సీనుకి, బాగుండాది. కానీ అట్లాంటోడికి ఏమైతే మనకి భయం? మనకి భయం లేకపోతే ఇంక యాక్షన్ ఎందుకు, ఎన్ని దేశాలు చూపిస్తే మాత్రం ఏం లాభం.

విమర్శకులకి మండింది కూడా ఇక్కడే అని నా లెక్క. మొదట్లోనే టీవీలో వార్త ఒకటి వస్తాది, యాడనో వరదల్లో జనం చిక్కుకుపోయినారు, ఇంక దేవుడే దిగి రావాల అన్నట్టు చెప్తాడు వార్తలు చదివేవాడు. మనోడు అది చూసి, చూసి, లండన్ కి పొయ్యి ఒక అమ్మాయిని పలకరిస్తాడు. సరేలే, మొదట స్వార్థపరుడు, చివరికి మారతాడేమో, ఆ వరద సీనుకి జవాబు వస్తాదేమో అని నేను చివరిదాకా కాచుకోనుంటి. రాలా. డైరెక్టరు అంత బలమైన ముక్క నేల మీద పారేసి మళ్లా వంగి తీసుకోలేదు.

మన పాతాళ భైరవి చూడండి, 1951 సినిమా, కె.వి.రెడ్డి. అందులోనూ ఉండేది ఇదే గదా, మేడ మేడే రాకుమారితో సహా లేచిపోతాది. కానీ ఆ శక్తి యాడుంది? బొమ్మలో. బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాడిది ఆట. తోటరాముడికి రాకుమారి కావాల, రాజు నాకు సమానంగా సంపద తెమ్మంటాడు, అందుకే వోడు మాంత్రికుడి వెంట పోతాడు. సంపాదిస్తాడు, బొమ్మ పోగొట్టుకుంటాడు, అన్నీ పోతాయి. పిల్లోడికి కూడా అర్థమయ్యే లెక్క అది. ఎస్వీ రంగారావు చేతిలోకి బొమ్మ పోయిన తర్వాత మనకి కాళ్లు వణకతాయి, ఎందుకు? ఇప్పుడు వోడేం చెయ్యగలడో మనకి తెలుసు గాబట్టి. జంపర్ లో ఆ తెల్ల జుట్టాయన ఏం చెయ్యగలడో, ఎందుకు చేస్తాడో చివరిదాకా సరిగ్గా తెలీదు.

---

పుస్తకాల_పిచ్చి:

మామ చెప్పిందానికి ఇంకొంచెం కలుపుతా తమ్ముడూ. ఈ సినిమాకి ఆధారం ఒక నవల, స్టీవెన్ గౌల్డ్ 1992లో రాశాడు, పేరు అదే. నాకు చెన్నైలో పాత పుస్తకాల షాపులో దొరికింది. అది చదివినవాళ్లకి సినిమా మీద కోపం ఇంకా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే మామ అడిగిన "వాడికి ఏం కావాలి" అనే దానికి పుస్తకంలో మొదటి పేజీల్లోనే జవాబు ఉంది.

డేవీ అనే పిల్లాడు, తాగుబోతు తండ్రి, బెల్టుతో కొడతాడు. అట్లా కొట్టబోతుంటేనే మొదటిసారి మాయమై లైబ్రరీలో తేలతాడు, ఎందుకంటే వాడికి భయం లేని చోటు అదొక్కటే. ఈ ఒక్క విషయంతో మనం వాడి పక్షం అయిపోతాం. తల్లి ఎప్పుడో ఇల్లు వదిలి వెళ్లిపోయింది, ఆమెని వెతికి కలుసుకుంటాడు, కలుసుకున్నాక విమానం హైజాక్ చేసిన టెర్రరిస్టుల చేతిలో ఆమె చనిపోతుంది. ఆ తర్వాత వాడి పవర్ కి ఒక పని దొరుకుతుంది. ఇంకో పక్క అమెరికా ప్రభుత్వ ఏజెన్సీ వాళ్లు వెంటపడతారు. అందులో వేరే జంపర్లు లేరు, వాడొక్కడే. సినిమాలో జంపర్లని వేటాడే పాలడిన్లు అనే విలన్ గుంపు అసలు పుస్తకంలోనే లేదు, అది సినిమా వాళ్లు తెచ్చి పెట్టింది.

పెడితే పెట్టారు, తప్పు కాదు, సినిమాకి విలన్ కావాలి. కానీ పాలడిన్లు వందల ఏళ్లుగా జంపర్లని చంపుతున్నారు అంటారు, ఎందుకయ్యా అంటే అన్నిచోట్లా ఉండే శక్తి దేవుడికే ఉండాలి అంటాడు విలన్, అంతే, దానితో సరి. వీళ్లకి డబ్బులెవరిస్తారు, ఎంతమంది, అందరూ నిజంగా భక్తులేనా, ఏమీ లేదు. హీరో తల్లే అందులో మెంబరు, కొడుక్కి అయిదేళ్లప్పుడు వీడు జంపర్ అని తెలిసి, చంపలేక ఇల్లు వదిలి పోయింది అని చివర్లో చెప్తారు. చూడండి, ఇది ఒక్కటే చాలు రెండున్నర గంటల సినిమాకి! డయాన్ లేన్ లాంటి ఆర్టిస్టుని పెట్టుకుని ఆ తల్లికి రెండు మూడు సీన్లు ఇచ్చారు. మన దగ్గర అయితే ఆ తల్లి పాయింటు మీదే ఇంటర్వెల్ పడేది.

ఇంకోటి, పుస్తకంలో ఒక రూలు కచ్చితంగా ఉంటుంది, ముందు తను ఒకసారి వెళ్లి చూసిన చోటికే జంప్ చెయ్యగలడు. అందుకని కొత్త దేశం పోవాలంటే మనలాగే విమానం టికెట్ కొని పోతాడు, మర్చిపోకుండా వీడియో కెమెరాతో ఆ చోటు తీసి పెట్టుకుంటాడు. ఆ కష్టం చదువుతుంటే ఎంత నమ్మకంగా ఉంటుందో. సినిమాలో గోడ నిండా ఫోటోలు అంటించుకోవడం చూపించారు గానీ ఆ రూలు వల్ల హీరోకి ఇబ్బంది వచ్చిన సీను ఒక్కటీ నాకు గుర్తు లేదు.

అసలు ఈ ఐడియా మీద పీక్స్ కావాలంటే ఆల్ఫ్రెడ్ బెస్టర్ రాసిన ద స్టార్స్ మై డెస్టినేషన్ చదవండి, 1956. అందులో జనం అందరికీ ఈ పవర్ ఉంటుంది, ఒక జంప్ కి గరిష్ఠంగా వెయ్యి మైళ్లు. దాంతో లోకమే తలకిందులవుతుంది, డబ్బున్నోళ్లు దొంగలు నేరుగా ఊడిపడకుండా ఇంటి చుట్టూ చిక్కుదారులు కట్టుకుంటారు, ఆడవాళ్లని మళ్లీ ఇంట్లో పెట్టి తాళం వేస్తారు. మన తిరుమలకి అట్లా అందరూ జంప్ చెయ్యగలిగితే మాడవీధుల్లో కాలు పెట్టే సందు ఉండదు, దానికీ టైం స్లాట్ టోకెన్లు ఇస్తారు, ఆ టోకెన్ల కోసం తెల్లారుజామునే మళ్లీ లైన్. ఇట్లాంటి ఆలోచనలు ఒక్కటంటే ఒక్కటి కూడా ఈ సినిమాలో రాలేదు.

---

ఫిజిక్స్_సార్:

ఎవరో ఒకరు వచ్చి "సైన్స్ తప్పు కాబట్టి ఫ్లాప్" అంటారు, అందుకే ముందే చెప్తున్నా, అది కారణం కాదు. విమర్శకులెవరూ ఈక్వేషన్లు చూసి మార్కులు వెయ్యరు. నా స్టూడెంట్లకి మాత్రం ఈ సినిమా మంచి లెక్క.

అలిపిరి నుంచి తిరుమలకి జంప్ చేశారనుకోండి. ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. 70 కిలోల మనిషికి ఆ ఎత్తు ఎక్కడానికి కావాల్సిన శక్తి దాదాపు 4.8 లక్షల జౌల్స్, అంటే 115 కిలోకేలరీలు. రెండు మూడు ఇడ్లీలు! 3,550 మెట్లు ఎక్కినప్పుడు అంతకి నాలుగైదు రెట్లు ఖర్చవుతుంది, ఎందుకంటే మన కండరాలు తిన్నదాంట్లో ఎక్కువ భాగం వేడిగా పోగొడతాయి. కాబట్టి జంపర్ కి కొండ ఎక్కడం చాలా చవక. కానీ ఆ ఇడ్లీల శక్తి క్షణంలో ఎక్కడి నుంచి వచ్చింది? ఒంట్లోంచి అయితే జంప్ చేసిన ప్రతిసారీ ఆకలెయ్యాలి, నీరసం రావాలి. ఈ చిన్న రూలు పెట్టుకున్నా సినిమా మారిపోయేది, విలన్ వెంటపడుతుంటే హీరో కళ్లు తిరిగి ఇంకో జంప్ చెయ్యలేని పరిస్థితి వచ్చేది.

రెండోది భూమి తిరగడం. తిరుపతి దగ్గర నేల గంటకి సుమారు 1,620 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి పోతుంది, ఢిల్లీ దగ్గర సుమారు 1,470. ఇక్కడ మాయమై ఇక్కడి వేగంతోనే అక్కడ తేలినవాడు గంటకి 150 కిలోమీటర్ల వేగంతో తూర్పు గోడకి కొట్టుకోవాలి. లండన్ అయితే ఇంకా ఘోరం, మన తూర్పు వాళ్ల తూర్పు ఒకే దిక్కు కాదు కదా. సినిమాలో వాళ్లు ప్రశాంతంగా సోఫాలో పడతారు.

ల్యాబుల్లో నిజంగా చేసే క్వాంటమ్ టెలిపోర్టేషన్ కి దీనికి సంబంధం లేదు. 1993లో థియరీ, 1997లో ప్రయోగం. అక్కడ వస్తువు పోదు, దాని స్థితి మాత్రం ఇంకో చోట తయారవుతుంది, ఇక్కడిది చెరిగిపోతుంది, పైగా మామూలు పద్ధతిలో ఒక మెసేజ్ పంపాల్సిందే కాబట్టి కాంతి కన్నా వేగంగా జరగదు.

ఒక్కటి మెచ్చుకుంటా. జంప్ చేసిన చోట గాలిలో ఒక చీలిక కాసేపు ఉంటుంది, దాంట్లోంచి వెనకే ఇంకొకడు రావచ్చు అని పెట్టారు. విలన్లు ఒక మెషిన్ తో ఆ చీలిక మూసుకోకుండా పట్టి ఉంచుతారు. అది చాలా మంచి ఆలోచన, చేజింగ్ అంతా దాని మీదే నడపొచ్చు, కానీ సగం సినిమా అయ్యాక తెచ్చి తొందరగా వాడేశారు.

---

ఫస్ట్_డే_ఫస్ట్_షో:

అందరూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నారు, నేను ఒప్పుకోను. జంపర్ మాస్ సినిమా. 88 నిమిషాలు, పాటల్లేవు, సోది లేదు, నీళ్లు తాగి వచ్చేలోపు మూడు దేశాలు. టోక్యో రోడ్ల మీద కారుతో సహా జంప్ చేసుకుంటా పోయే సీను చూడండి, కారు ఇక్కడ మాయం అక్కడ ప్రత్యక్షం, ఇప్పుడు చూసినా ఒళ్లు పులకరిస్తుంది. రోమ్ లో కొలోసియం లోపల ఫైటు, అది సెట్టు కాదు బాసూ, నిజం కొలోసియంలో పర్మిషన్ తీసుకుని తీశారు. డబుల్ డెక్కర్ బస్సుని ఎడారిలోకి తెచ్చి పడేస్తే ఇంకేం కావాలి?

పైగా డబ్బులు రాలేదా? 2008 ఫిబ్రవరి 14న రిలీజ్, ఆ వారం అమెరికాలో నంబర్ వన్, ప్రపంచం మొత్తం మీద 22 కోట్ల డాలర్ల పైన వచ్చింది. జనం టికెట్ కొని చూశారు, పెన్ను పట్టుకున్నోళ్లకి నచ్చలేదు, అంతే తేడా. విమర్శకులకి మన ఊళ్లో బాల్కనీ టికెట్ ఇచ్చి ఫ్యాన్స్ మధ్యలో కూర్చోబెడితే తెలుస్తుంది.

ఇంక మామా, వరద సీను నీకు తప్పనిపించింది, నాకు అదే కరెక్ట్ అనిపించింది. పద్దెనిమిదేళ్లోడికి ఈ పవర్ వస్తే వరద బాధితుల్ని కాపాడతాడా, అబద్ధాలొద్దు, గోవా పోతాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. అన్ని సినిమాల్లో పవర్ రాగానే జనాన్ని కాపాడడమేనా?

---

కాణిపాకం_మామ:

గోవా పోనీలే అబ్బోడా, పోకుండా ఎవరాపినారు? నేనూ పోతా. స్వార్థపరుడి కథ అని తియ్యి, వోడి స్వార్థం వల్ల ఎవరికో ఏదో కావాల గదా. ఈడ సినిమానే వాణ్ణి హీరో అంటాది, వోడు చేసిందానికి లెక్క అడగదు. విలన్ ఒక చోట చెప్తాడు, మీరందరూ చివరికి చెడిపోతారు అని. వోడు చెప్పింది నిజమా కాదా అని సినిమా ఒక్క నిముషం కూడా ఆలోచించదు.

---

కొర్లగుంట_కుర్రోడు:

కలెక్షన్ల గురించి ఒక మాట ఫస్ట్ డే అన్నా. 8.5 కోట్లు తయారీకి అయిన ఖర్చు, పబ్లిసిటీ వేరే. వచ్చిన 22 కోట్లలో థియేటర్ల వాటా పోతుంది, మన దగ్గర గ్రాస్ వేరు షేర్ వేరు అన్నట్టే. నష్టం అని నేను అనను గానీ, మూడు భాగాలు తీద్దాం అని మొదలుపెట్టినోళ్లు రెండోది కూడా తియ్యలేదు అంటేనే అర్థం చేసుకోవచ్చు. సినిమా కూడా ఫస్ట్ పార్ట్ లాగానే ఆగిపోతుంది, చివర్లో క్రిస్టెన్ స్టీవర్ట్ ఒక్క నిమిషం కనిపిస్తుంది చూడండి, తర్వాతి పార్టు కోసం దాచిపెట్టారు అని తెలిసిపోతుంది. అంటే దీంట్లో పెట్టాల్సింది కూడా దాంట్లో పెడదాం అని ఆపుకున్నారు. లీలామహల్ బ్రో, నీకు క్లైమాక్స్ అయిపోయిందా అనిపించింది అందుకే.

ఇంకోటి ఎవరూ ఎత్తలేదు, హీరోని మధ్యలో మార్చారు. మొదట టామ్ స్టరిడ్జ్ అని చిన్న కుర్రోణ్ణి, టెరెసా పామర్ ని తీసుకున్నారు, తర్వాత వాళ్లని తీసేసి వయసులో పెద్దవాళ్లని, హేడెన్ క్రిస్టెన్సెన్ ని, రేచల్ బిల్సన్ ని పెట్టారు. టీనేజ్ కుర్రోడు బ్యాంకు దోచి ఊళ్లు తిరుగుతున్నాడంటే అల్లరి అనుకుంటాం, వయసొచ్చినోడు అదే పని చేస్తే ఇంకోలా కనిపిస్తుంది. హేడెన్ ముఖంలో ఒక్క ఎక్స్‌ప్రెషనే అని చాలామంది రాశారు, నాకూ అనిపించింది, కానీ తప్పంతా ఆయన మీద వెయ్యలేం. జేమీ బెల్ చూడండి, గ్రిఫిన్ అనే ఇంకో జంపర్ గా, వచ్చినప్పటి నుంచి సినిమా లేచి కూర్చుంటుంది, ఎందుకంటే వాడికి కావాల్సింది ఉంది, అమ్మానాన్నల్ని చంపినోళ్ల మీద పగ. చాలామందికి ఇదే అనుమానం వచ్చింది, సినిమా అసలు గ్రిఫిన్ మీద తియ్యాల్సింది కదా అని. స్టీవెన్ గౌల్డ్ కూడా 2007లో గ్రిఫిన్ కథ అని సినిమాలో క్యారెక్టర్ తీసుకుని ఒక నవల రాశాడు, అంటే ఆయనకీ తెలిసే ఉంటుంది బలం ఎక్కడుందో.

ఇదే డైరెక్టర్ 2014లో ఎడ్జ్ ఆఫ్ టుమారో తీశాడు. అందులో హీరో చస్తే రోజు మళ్లీ మొదలవుతుంది, వేరే వాళ్ల రక్తం ఎక్కితే ఆ పవర్ పోతుంది. రూలు రెండు ముక్కల్లో చెప్పేశాడు, తర్వాత సినిమా మొత్తం ఆ రూలుతోనే ఆడుకున్నాడు, విమర్శకులూ మెచ్చుకున్నారు. డైరెక్టర్ కి చేతకాక కాదు, జంపర్ కి స్క్రిప్టే కుదరలేదు. ముగ్గురు రైటర్ల పేర్లు పడతాయి టైటిల్స్ లో.

---

లీలామహల్_సర్కిల్:

అయ్యబాబోయ్, ఇంత రాస్తారని అనుకోలేదు, అందరికీ థాంక్స్. పుస్తకాల పిచ్చి అక్కా, తల్లి పాయింటు మీద ఇంటర్వెల్ అన్నారు చూడండి, అది చదివాక ఆ సినిమా నా బుర్రలో వేరేగా ఆడుతోంది. ఫిజిక్స్ సార్, ఆకలి రూలు సూపర్ సార్. ఒక డౌట్, మరి ఎక్స్ మెన్ రెండో పార్టులో వైట్ హౌస్ లో నీలం రంగోడు మాయమవుతూ కొడతాడు కదా, దానికి ఎవరూ ఏమీ అనలేదే, అక్కడ కూడా హీరో కష్టం అంటూ ఏం లేదు కదా? ఇంకోటి, దీనికి కంటిన్యుయేషన్ ఏమన్నా వచ్చిందా?

---

పుస్తకాల_పిచ్చి:

అది 2003 సినిమా, ఆ నీలం రంగోడి పేరు నైట్ క్రాలర్. అక్కడ రూలు అతనే నోటితో చెప్తాడు, కంటికి కనపడని చోటికి జంప్ చెయ్యాలంటే భయం, గోడలో ఇరుక్కుపోవచ్చు అని. తర్వాత ఒకచోట చూడకుండానే చెయ్యాల్సి వస్తుంది, అప్పుడు మనం ఊపిరి బిగబడతాం. ఒక్క డైలాగు ఖర్చు, అంతే. పైగా అది గుంపులో ఒకడి పవర్, సినిమా మొత్తం దాని మీద లేదు.

కంటిన్యుయేషన్ అంటే సినిమాగా రాలేదు. 2018లో ఇంపల్స్ అని సిరీస్ వచ్చింది, యూట్యూబ్ వాళ్లు తీశారు, డగ్ లైమనే నిర్మాతల్లో ఒకడు. హీరో వేరు, ఒక అమ్మాయి, గౌల్డ్ రాసిన ఇంకో నవల ఆధారం. దాడి జరిగినప్పుడు భయంతో మొదటిసారి జంప్ అవుతుంది, తర్వాత దాన్ని తట్టుకోవడమే కథ. రెండు సీజన్లు వచ్చి ఆగిపోయింది. అందులో స్ఫింక్స్ లేదు, కొలోసియం లేదు, చిన్న ఊరు, అయినా జంపర్ కన్నా పుస్తకానికి దగ్గరగా ఉంటుంది. కొన్ని సీన్లు చూడ్డానికి కష్టంగా ఉంటాయి, ఇంట్లో పిల్లలతో వెయ్యొద్దు.

---

ఫస్ట్_డే_ఫస్ట్_షో:

సరే గ్రిఫిన్ విషయంలో మాత్రం నేనూ ఒప్పుకుంటా, సినిమాలో హీరో వాడే. ఇంతకీ ఒకటి చెప్పండి, చెచెన్యాలో కరెంటు తీగల్లో ఇరుక్కుపోయినోణ్ణి మన హీరో అట్లే వదిలేసి పిల్ల దగ్గరికి పోతాడు కదా. తర్వాత వాడు బతికినాడా చచ్చినాడా?

---

కొర్లగుంట_కుర్రోడు:

సినిమాలో చెప్పలేదు అన్నా. రెండో పార్టుకి దాచుకున్నట్టున్నారు.